నేడు నగదు - రేపు అరువు: చిన్న వ్యాపారం పెరిగే లెక్క

మన ఊళ్ళల్లో ఏ కిరాణా కొట్టుకు వెళ్ళినా దేవుడి పటం పక్కనే ఒక అట్టముక్క వేలాడుతూ వుండేది. "నేడు నగదు - రేపు అరువు" అని దాని మీద రాసి వుండేది. మర్నాడు వెళ్ళినా అదే అట్ట, అదే మాట. ఆ రేపు ఎన్నటికీ రాదు. ఇప్పుడు చాలా కొట్లలో ఆ అట్ట వేలాడిన చోట ఫోనుతో డబ్బు కట్టే గళ్ళ చీటీ అంటించి వుంటోంది. చీటీ మారింది గాని, ఆ అట్ట చెప్పిన సూత్రం మాత్రం మారలేదు. ఎం.కాం. క్లాసులో వర్కింగ్ కాపిటల్ పేరిట చెప్పే పాఠంలో సారమంతా ఆ నాలుగు మాటల్లోనే వుంది.

డిగ్రీ చేతికి వచ్చి ఉద్యోగం రాకపోతే "ఏదైనా చిన్న వ్యాపారం పెట్టుకోరాదూ?" అనే సలహా మనకు ఉచితంగా దొరుకుతుంది. పెట్టడం గురించి చెప్పేవాళ్ళకు కొదవలేదు. పెట్టినదాన్ని పెంచడం గురించి చెప్పేవాళ్ళే తక్కువ. చూడబోతే, పెట్టి నష్టపోయిన కొట్ల సంగతి అటుంచి, బాగా నడుస్తూ నడుస్తూ పెంచబోయి మూతపడ్డ కొట్లు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తాయి. ఎందుకిలా జరుగుతుంది?

ఈ ప్రశ్న పుస్తకాల్లో చదువుకుని వదిలేసేది కాదు. చిన్న వ్యాపారం వెనక పెట్టుబడి రూపంలో వుండేది అమ్మ మెడలో గొలుసో, నాన్న రిటైరైతే వచ్చిన ప్రావిడెంట్ ఫండో, ఊళ్ళో మిగిలిన అరెకరమో అయివుంటుంది. ఒకే యజమాని సొంతంగా నడిపే వ్యాపారంలో కొట్టు వేరు, మనిషి వేరు అని చట్టం చూడదు. కొట్టు అప్పు ఇంటి అప్పే. కంపెనీ మునిగితే వాటాదారుకు వాటా డబ్బు పోతుంది. కొట్టు మునిగితే ఇల్లు పోతుంది. అంచేత ఈ లెక్క కామర్సు విద్యార్థులకే కాదు, సైన్సు, ఆర్ట్సు విద్యార్థులకూ తెలిసి వుండాలి.

పొంగు వేరు, పెరుగుదల వేరు

పొయ్యి మీద పాలు పొంగుతాయి. గిన్నె అంచు దాకా తెల్లగా నిండుగా కనిపిస్తుంది. అంతమాత్రాన పాలు పెరిగినట్టు కాదు. మంట తగ్గించకపోతే వున్నవి కూడా పొయ్యిలో పడతాయి. వ్యాపారంలో అమ్మకాలు పెరగడం సరిగ్గా ఇలాంటిదే. ఆర్డర్లు వస్తుంటాయి, మనుషులు తిరుగుతుంటారు, గోడౌను నిండుతుంది. "వాడి వ్యాపారం మూడింతలైందట" అని ఊరంతా అనుకుంటుంది. యజమానికి మాత్రం శనివారం కూలీలకు డబ్బివ్వాలంటే చేతులు తడుముకోవలసి వస్తుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టన్నమాట.

దీనికి కారణం ఒక్కటే. లాభం వేరు, చేతిలో డబ్బు వేరు. సరుకు అమ్మి బిల్లు రాసిన రోజే పుస్తకంలో లాభం కనిపిస్తుంది. డబ్బు వచ్చేది ఆ బిల్లు చెల్లిన రోజున. ఈ రెండు రోజుల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే, ఆ ఎడాన్ని పూడ్చడానికి అంత సొంత డబ్బో, అప్పో కావాలి. అమ్మకాలు పెరిగేకొద్దీ ఆ ఎడంలో చిక్కుకునే డబ్బు కూడా పెరుగుతుంది. అంటే వ్యాపారం పెరగడమన్నది డబ్బు తెచ్చిపెట్టే ముందు డబ్బు తింటుంది. ఈ ఒక్క మాట గ్రహిస్తే సగం వ్యాపారం నేర్చుకున్నట్టే.

ఒక నోటు పుస్తకాల లెక్క

మాటలతో కాకుండా అంకెలతో చూద్దాం. కాగితం కొని, రూళ్ళు వేయించి, కుట్టించి, అట్టలు అంటించి నోటు పుస్తకాలు తయారుచేసే కుర్రవాడొకడున్నాడని అనుకోండి. ఇది లెక్క కోసం చెప్పుకునే కథ, అంకెలు మనం వేసుకున్నవి. పుస్తకం తయారీకి కాగితం, కూలి, అట్ట అన్నీ కలిపి 20 రూపాయలు అవుతుంది. కొట్లకు 25 రూపాయలకు వేస్తాడు. సొంత పెట్టుబడి 2 లక్షలు. ఇంటి ఖర్చు వేరే ఆదాయంతో గడుస్తోందనుకుందాం.

మొదటి సంవత్సరం 2 లక్షలతో 10,000 పుస్తకాలు చేశాడు. తెలిసిన కొట్లకే, నగదుకే అమ్మాడు. రెండున్నర లక్షలు వచ్చాయి. లాభం 50,000. ఇంతవరకు బాగానే వుంది.

రెండో సంవత్సరం నాలుగు స్కూళ్ళు, ఇద్దరు హోల్‌సేల్ వర్తకులు కలిసి 30,000 పుస్తకాలకు ఆర్డరిచ్చారు. షరతు ఒక్కటే, సరుకు జూన్‌లో ఇవ్వాలి, డబ్బు దసరాకి ఇస్తారు. మనవాడు సంతోషపడ్డాడు. 30,000 పుస్తకాల తయారీకి 6 లక్షలు కావాలి. చేతిలో రెండున్నర వున్నాయి. మిగతా మూడున్నర లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఏప్రిల్‌లో తెచ్చాడు. ఆరు నెలలకు వడ్డీ 42,000. అమ్మకం ఏడున్నర లక్షలు. ఖర్చు, వడ్డీ పోగా లాభం 1,08,000. కిందటేటికి రెట్టింపు కంటె ఎక్కువ! పుస్తకంలో ఇలాగే కనిపిస్తుంది.

దసరా వచ్చింది. రావలసిన దాంట్లో సగం వచ్చింది, 3,75,000. "మిగతాది సంక్రాంతికి చూద్దాం లెండి" అన్నారు. వడ్డీతో కలిపి తీర్చవలసిన అప్పు 3,92,000. వచ్చినదంతా అప్పులవాడికి పోసినా ఇంకా 17,000 తక్కువే. లక్షా ఎనిమిది వేలు లాభం వచ్చినవాడి దగ్గర వచ్చే ఏటి కాగితానికి ఒక్క రూపాయి లేదు. పోనీ మిగతా సగంలో చాలా భాగం వసూలై, మొత్తం అమ్మకంలో పదో వంతు, అంటే 75,000 మాత్రమే మొండి బాకీగా మిగిలిందనుకుందాం. అప్పుడు లాభం 33,000 అవుతుంది. మూడింతల వ్యాపారం చేసి, మూడింతల చాకిరీ చేసి, మొదటి ఏడాది కంటె 17,000 తక్కువ సంపాదించాడన్నమాట.

ఇందులో మనవాడి పుస్తకం నాసిరకం కాదు. ధర ఎక్కువ కాదు. గిరాకీ లేక కాదు. గిరాకీ వుండబట్టే దెబ్బతిన్నాడు.

అదే రూపాయి ఎన్నిసార్లు తిరిగింది?

ఇప్పుడు అదే మనిషి అదే రెండో సంవత్సరం ఇంకోలా చేశాడనుకోండి. 30,000 పుస్తకాల ఆర్డరు చూసి, "నగదిస్తే నూటికి అయిదు తగ్గిస్తాను, అరువైతే నావల్ల కాదు" అన్నాడు. కొందరు వెళ్ళిపోయారు. కొందరు ఒప్పుకున్నారు. 25 రూపాయల పుస్తకం మీద రూపాయి పావలా తగ్గింది. పుస్తకానికి మిగిలేది మూడు రూపాయల ముప్పావలా. జూన్‌లో 10,000 నోటు పుస్తకాలు వేశాడు. ఆ వచ్చిన డబ్బుతోనే ప్రాక్టికల్ పరీక్షల ముందు 10,000 రికార్డు పుస్తకాలు, మళ్ళీ ఆ డబ్బుతోనే మార్చిలో కొత్త ఆర్థిక సంవత్సరం కోసం 10,000 ఖాతా పుస్తకాలు వేశాడు. మూడు రకాలకూ ఖర్చు, ధర ఒకటేనని, సరుకంతా అమ్ముడైందని లెక్క కోసం అనుకుందాం.

మొత్తం అవే 30,000 పుస్తకాలు. లాభం 1,12,500. అప్పు లేదు, వడ్డీ లేదు. ఒక్కసారికి కావలసింది 2 లక్షలే గనక, మిగతా 50,000 కష్టానికీ సుఖానికీ గల్లాలోనే వుంది. ఏడాది చివర లాభం కాగితం మీద కాక చేతిలో వుంది.

తేడా ఎక్కడుంది? మొదటి పద్ధతిలో రూపాయి ఏడాదికి ఒక్కసారి, అదీ కుంటుకుంటూ తిరిగింది. రెండో పద్ధతిలో మూడుసార్లు తిరిగింది. మన పెద్దలు డబ్బు తిరగేస్తున్నాడు అంటారు. వ్యాపారమంటే నిజంగా ఆ తిరగెయ్యడమే. గిరాకీ పెంచుకోవడానికి ముందు ఈ చుట్లు పెంచుకోవడం నేర్చుకోవాలి. సరుకు నిలవ వుండే రోజులు ఎన్ని, అరువులో వుండే రోజులు ఎన్ని, మనకు కాగితం వర్తకుడు ఇచ్చే గడువు ఎన్ని రోజులు? మొదటి రెండూ కూడి మూడోది తీసేస్తే మన రూపాయి బయట తిరిగి ఇంటికి చేరడానికి పట్టే రోజులు తెలుస్తాయి. ఆ రోజులను తగ్గించిన ప్రతిసారీ, పైసా అప్పు లేకుండా పెట్టుబడి పెరిగినట్టే.

అప్పడాల పాఠం

"ఇదంతా లెక్కకు బాగానే వుంటుంది, అరువివ్వకుండా ఎవడు పెరిగాడండీ?" అని కొందరంటారు. పెరిగినవాళ్ళు లేకపోలేదు. 1959 మార్చి 15న బొంబాయి గిర్‌గాంలో ఏడుగురు గృహిణులు మేడ మీద కూర్చుని అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ అనే సంఘసేవకుడి దగ్గర తెచ్చిన అప్పు. మొదటి రోజు తయారైనవి నాలుగు పాకెట్లు. మొదటి సంవత్సరం అమ్మకం 6,196 రూపాయలు. అదే లిజ్జత్ పాపడ్.

వాళ్ళు పెట్టుకున్న నియమాలు చూడండి. ఎంత ఇబ్బంది వచ్చినా విరాళం పుచ్చుకోకూడదు. అప్పడాలు ఒత్తిన ఆడవాళ్ళకు ఏ రోజు డబ్బు ఆ రోజు ఇవ్వాలి. రోజూ డబ్బివ్వాలంటే రోజూ డబ్బు రావాలి. అంచేత సరుకు తీసుకుపోయే డిస్ట్రిబ్యూటరు అప్పటికప్పుడు నగదు కట్టి తీసుకుపోవాలి. కూలి నియమమే అమ్మకం నియమాన్ని తయారుచేసింది. మొదట్లో చవకగా అమ్మడానికి ఒక తక్కువ రకం కూడా చేశారు. పారేఖ్ గారు అది మాన్పించి, ఒకే నాణ్యత నిలబెట్టమన్నారు. సరుకు మీద నమ్మకం లేకపోతే నగదు కట్టి ఎవరు తీసుకుంటారు? అరువు అనేది చాలాసార్లు నాసిరకానికి మనం ఇచ్చే తగ్గింపు. మంచి సరుకుకు ఆ అవసరం తగ్గుతుంది.

మొదటి వానాకాలంలో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడు ఒక మంచం, ఒక స్టౌ కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టౌ వెలిగించి ఎండబెట్టారు. యంత్రం కోసం అప్పు చెయ్యలేదు. 1961లో మలాడ్‌లో ఒక శాఖ పెడితే అది నిలవలేదు. గిర్‌గాం పని మాత్రం ఆగలేదు. 1968లో గుజరాత్‌లోని వాలోడ్‌లో శాఖ పెట్టారు, అది నిలిచింది. తరువాత ఈ సంస్థ వేలాదిమంది ఆడవాళ్ళకు అన్నం పెట్టింది. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

అరువు తప్పనప్పుడు

అన్ని వ్యాపారాలూ అప్పడాల్లా నగదుకు నడవవన్నది నిజమే. ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిచ్చేవాడు, ఆఫీసులకు స్టేషనరీ ముద్రించేవాడు అరువివ్వక తప్పదు. అప్పుడు అరువును కూడా ఒక సరుకులాగే చూడాలి. దానికి ధర వుండాలి, కొలత వుండాలి, గడువు వుండాలి. ఒక్క కొనుగోలుదారు మొత్తం ఇవ్వకపోయినా మన కొట్టు మూతపడనంత మేరకే ఒక్కొక్కరికి అరువివ్వాలి. పాత బాకీ తీరకుండా కొత్త సరుకు కదలకూడదు. ఈ మాట చెప్పడానికి మొహమాటపడితే, తరువాత అప్పులవాడి దగ్గర మొహమాటపడవలసి వస్తుంది.

చట్టం కూడా చిన్నవాడి పక్షాన ఒక మాట చెప్పింది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు గాని, సేవ గాని పొందినవారు ఒప్పుకున్న గడువులోగా డబ్బివ్వాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు దాటకూడదు. రాతపూర్వకమైన ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. పైగా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఇలా గడువు మీరిన బాకీని కొన్నవారు ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడు ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదనే నిబంధన వచ్చింది. అసలు చెల్లించిన ఏడాదే చూపుకోవాలి.

ఈ రక్షణ కావాలంటే ముందుగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 2020 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నమోదుకు రుసుము లేదు. ఇది ముఖ్యంగా తయారీ, సేవల వారి కోసం ఏర్పడ్డ రక్షణ, కేవలం కొని అమ్మేవారి కోసం కాదు. నిజం చెప్పాలంటే, రేపు మళ్ళీ ఆర్డరివ్వవలసిన పెద్ద కంపెనీ మీద చిన్నవాడు ఫిర్యాదుకు వెళ్ళడం మాటలతో అయ్యే పని కాదు. అయినా బిల్లు మీద ఉద్యమ్ నంబరు, "45 రోజుల గడువు" అన్న ముక్క అచ్చువేయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అడిగే హక్కు వుందని ఎదుటివాడికి తెలియడం కూడా సగం వసూలే.

బ్యాంకు కూడా చుట్లే లెక్కపెడుతుంది

అప్పు చేసి పప్పుకూడు తినకూడదు గాని, అప్పు చేసి కాగితం కొనడంలో తప్పులేదు. అయితే ఎంత? రిజర్వు బ్యాంకు పి.ఆర్. నాయక్ గారి అధ్యక్షతన వేసిన కమిటీ 1992లో చిన్న పరిశ్రమల కోసం ఒక సులువైన కొలత చెప్పింది. వచ్చే ఏటి అమ్మకాల అంచనాలో నాలుగో వంతు వర్కింగ్ కాపిటల్‌గా కావలసి వుంటుంది. అందులో అమ్మకాల మీద 20 శాతం బ్యాంకు ఇవ్వాలి, 5 శాతం యజమాని తెచ్చుకోవాలి. ఈ నాలుగో వంతు ఎక్కడినుంచి వచ్చింది? రూపాయి మూడు నెలల్లో ఒక చుట్టు తిరుగుతుంది, ఏడాదికి నాలుగు చుట్లు అన్న ఊహ మీద వచ్చింది.

మన నోటు పుస్తకాల కుర్రవాడికి ఈ కొలత వేసి చూడండి. అమ్మకం ఏడున్నర లక్షలైతే బ్యాంకు వాటా లక్షన్నర. అతని రూపాయి మాత్రం మూడు నెలలకు కాదు, ఆరు నెలలు దాటినా తిరిగి రావడంలేదు. ఆ తేడానే నూటికి రెండు రూపాయల వడ్డీవాడు పూడుస్తున్నాడు. కొనుగోలుదారు చేసే ఆలస్యానికి వడ్డీ కట్టేది చిన్నవాడన్నమాట!

2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్రా రుణాల్లో కూడా మెట్లున్నాయి. శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు. 2024లో దీన్ని 20 లక్షలకు పెంచినప్పుడు, అంతకు ముందు తీసుకున్న తరుణ్ రుణం సక్రమంగా తీర్చినవారికే ఆ పై మెట్టు అన్నారు. మెట్లు ఎక్కడంలో ఒక న్యాయం వుంది. కింది మెట్టు మీద కాలు గట్టిగా ఆనినవాడికే పై మెట్టు.

కాకినాడ వర్తకులు, రింగుల ఆట

ఎంత మెట్టు ఎక్కాలి అన్న ప్రశ్నకు మన గడ్డమీదే ఒక పరిశోధన జరిగింది. 1962లో హైదరాబాదుకు తరలివచ్చి సియెట్ అని పేరుపొందిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ వుంది కదా, ఇప్పుడు యూసుఫ్‌గూడలో వున్న జాతీయ సంస్థ అదే. 1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రాచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలండ్, ఆ సంస్థతో కలిసి కాకినాడ వర్తకులను బృందాలుగా హైదరాబాదు పిలిపించి కొద్ది రోజులపాటు శిక్షణ ఇప్పించారు. అప్పు ఇవ్వలేదు, యంత్రాలివ్వలేదు. ఇచ్చినది ఆలోచన మాత్రమే. పోల్చి చూడడానికి శిక్షణ పొందని రాజమండ్రి వర్తకులను తీసుకున్నారు. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ప్రకటించిన గ్రంథంలో తేలిందేమంటే, శిక్షణ పొందినవారు పొందనివారికంటె చురుకుగా కొత్త పనులు చేపట్టారు, కొత్త పెట్టుబడులు పెట్టారు. సొంతంగా నిర్ణయం తీసుకునే స్థానంలో వున్నవారిలో ఈ మార్పు మరీ కనిపించింది.

మెక్‌క్లెలండ్ చెప్పే ఆట ఒకటుంది. ఒక మేకు పాతి, చేతికి కొన్ని రింగులిచ్చి, ఎంత దూరంనుంచైనా సరే విసరమంటారు. కొందరు మేకు పక్కనే నిలబడతారు. ప్రతి రింగూ పడుతుంది, అందులో గొప్పేమీ లేదు. కొందరు గది చివరికి పోయి విసురుతారు. పడితే అదృష్టం, పడకపోతే నవ్వులాట. సాధించాలన్న పట్టుదల గట్టిగా వున్నవాళ్ళు మధ్య దూరం ఎంచుకుంటారు. అక్కడినుంచి పడడం, పడకపోవడం తమ నేర్పు మీద ఆధారపడి వుంటుంది. కొన్ని రింగులు పడ్డాక ఒక అడుగు వెనక్కు వేస్తారు.

10,000 పుస్తకాల నుంచి ఒక్కసారిగా 30,000కు గెంతడం గది చివరినుంచి విసరడమే. పదివేల దగ్గరే ఎప్పటికీ కూర్చోవడం మేకు పక్కన నిలబడడం. మరి మధ్య దూరం ఏది? చేతిలో రెండున్నర లక్షలున్నాయి గనక, 50,000 అప్పుతో 15,000 పుస్తకాలు చేశాడనుకోండి. దసరాకి సగమే వసూలైనా 1,87,500 వస్తుంది. వడ్డీతో కలిపి 56,000 అప్పు తీర్చేసినా 1,31,500 మిగులుతుంది. ఆరువేల అయిదువందల పుస్తకాలు మళ్ళీ మొదలుపెట్టవచ్చు. గెలిస్తే పెరిగాడు, ఓడితే చితికిపోలేదు. పెంచినదంతా పోయినా పాత కొట్టు నిలబడగలగాలి. ఇదీ మధ్య దూరానికి కొలత. మలాడ్ శాఖ పోయినా గిర్‌గాం పని నిలిచింది ఈ కొలతవల్లనే అనవచ్చు.

మనవాళ్ళలోనే చూడండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చింది 1908లో. మద్రాసునుంచి దినపత్రికగా తెచ్చింది 1914లో. మొదటి పనికీ రెండో పనికీ మధ్య పదిహేనేళ్ళ ఎడం వుంది. పత్రిక నడపడమంటే తలనొప్పి వ్యవహారమే గనక, పంతులుగారు మందు ముందే సిద్ధం చేసి పెట్టుకున్నారన్నమాట!

శనివారం సాయంత్రం మూడు అంకెలు

ఇదంతా ఆచరణలో పెట్టడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ప్రతి శనివారం సాయంత్రం ఒక నోటు పుస్తకంలో మూడు అంకెలు రాసుకుంటే చాలు. చేతిలోనూ బ్యాంకులోనూ వున్న నగదు ఎంత, మనకు రావలసింది ఎంత, మనం ఇవ్వవలసింది ఎంత. రావలసిన దాన్ని మళ్ళీ నెల లోపుది, రెండు నెలల లోపుది, అంతకు మించి పాతది అని విడగొట్టాలి. మూడో గడి నెలనెలా పెరుగుతోందంటే, అమ్మకాలు ఎంత బాగున్నా మంట తగ్గించవలసిన సమయం వచ్చిందని అర్థం.

రెండో పని, ఇంటి గల్లా, కొట్టు గల్లా విడదీయడం. 2016లో యూపీఐ వచ్చాక చిన్న కొట్లలో కూడా ప్రతి రూపాయికీ ఫోనులో జాడ వుంటోంది. ఇది మంచిదే. కాని చాలామంది ఇంటి ఖాతాకే ఆ చీటీ పెట్టుకోవడంతో పాల డబ్బు, కాగితం డబ్బు ఒకే కాలవలో పారుతున్నాయి. కొట్టుకు వేరే ఖాతా తెరిచి, అందులోంచి యజమాని నెలకు ఇంత అని జీతం తీసుకోవాలి. తన కూలి, సొంత గది అద్దె కూడా ఖర్చులో వేసుకోవాలి. అవి వెయ్యకుండా వేసిన ధరకు అమ్మేవాడు తెలియకుండానే తన ఇంటి అద్దెను కొనేవాడికి దానం చేస్తున్నాడు.

మూడో పని, తను లేకపోయినా కొట్టు నడుస్తుందా అని చూసుకోవడం. యజమాని వారం రోజులు జ్వరపడితే ఆగిపోయే వ్యాపారం రెండింతలైతే, ఆ జ్వరం ఖరీదు కూడా రెండింతలవుతుంది. కాగితం ఎవరి దగ్గర కొనాలి, ఏ కొలత కొయ్యాలి, ఎవరికి ఎంతవరకు అరువివ్వాలి అన్నది కాగితం మీద వుంటే ఇంకో మనిషికి అప్పగించవచ్చు. యజమాని బుర్రలోనే వుంటే అప్పగించడానికి ఏమీ వుండదు.

బల్లకు అవతలి వైపు

విద్యార్థి మిత్రులారా! మనలో కొందరు తండ్రిగారి కొట్టులో కూర్చుంటారు. కొందరు కొత్తది పెడతారు. ఎక్కువమంది బల్లకు అవతలి వైపు, బిల్లులు పాసుచేసే కుర్చీల్లో కూర్చుంటారు. ఇంజనీర్లుగా, ఆఫీసర్లుగా, పర్చేజి మేనేజర్లుగా, హెడ్మాస్టర్లుగా. చిన్న వ్యాపారాన్ని ఎలా పెంచాలి అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ కుర్చీలో వుంది. ఒక ఫైలు మన బల్ల మీద నెల రోజులు పడుకుంటే మనకు జరిగే నష్టమేమీ లేదు. ఆ నెల రోజులకూ ఎక్కడో ఒక బైండింగ్ షాపువాడు వడ్డీ కడుతుంటాడు. అతని దగ్గర కుట్టుపని చేసే ఆడమనిషి శనివారం కూలి సోమవారానికి, సోమవారం నుంచి మళ్ళీ శనివారానికి జరుగుతుంటుంది. కొత్త పథకాలు, కొత్త రుణాలు అవసరమే. వాటికంటె ముందు, చేసిన పనికి గడువులో డబ్బివ్వడం అనే పాత పథకం వుంది. దానికి బడ్జెట్ కేటాయింపు కూడా అక్కర్లేదు.

దూరం పోనక్కర్లేదు. ఈ సావనీరు పేజీలు తిరగేస్తే చివర ప్రకటనలు కనిపిస్తాయి. టైలరు, టిఫిన్ హోటలు, సైకిలు షాపు, జిరాక్స్ సెంటరు. మన యూనియన్ కుర్రాళ్ళు వెళ్ళి అడిగితే కాదనలేక ఇచ్చిన ప్రకటనలవి. ఈ పేజీలు అచ్చువేసి, కుట్టి, కట్ చేసి ఇచ్చిందీ ఒక చిన్న ప్రెస్సే. ఆ ప్రెస్సు బిల్లు ట్రెజరర్ గారి బల్ల మీదికి ఈ వారమో, వచ్చే వారమో వస్తుంది. దాని మీద సంతకం నేడే పెట్టమని మనవి.